ఆఫీసు కంప్యూటర్‌కి కేబుల్ పెట్టినా నెట్ స్లోగా ఉందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆడిటర్ ఆఫీసైనా, కోవూరు దగ్గర రైసు మిల్లైనా, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ అయినా ఫోన్లో చెప్పేది ఒకటే మాట: "నెట్ స్లోగా ఉంది, వచ్చి చూడండి." వచ్చి చూస్తే చాలాసార్లు ఇంటర్నెట్ కంపెనీ తప్పేమీ ఉండదు. జబ్బు బల్ల కిందో, గోడ పాయింట్లోనో, అటక మీది స్విచ్‌లోనో (ఆఫీసు నెట్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) ఉంటుంది. మమ్మల్ని పిలిచే ముందు మీరే చూసుకోగలిగినవి ఇక్కడ రాశాం. ఇది కేబుల్ కనెక్షన్ గురించే, వైఫై బాధలు వేరే. విండోస్ 10, 11 మెషిన్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కానీ, మన ఆఫీసుల్లో అది ఇంకా నడుస్తూనే ఉంది.

అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?

లింక్ స్పీడు. స్పీడ్ టెస్ట్ తర్వాత సంగతి.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి, అక్కణ్ణుంచి ఈథర్‌నెట్‌లోకి వెళ్లండి. కిందికి జరిగితే లింక్ స్పీడ్ అని ఒక వరుస ఉంటుంది. పాత పద్ధతి కావాలంటే కంట్రోల్ ప్యానెల్లో నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరిచి ఈథర్‌నెట్ మీద రెండుసార్లు నొక్కండి, స్పీడు అక్కడే కనపడుతుంది. మీ కంప్యూటర్‌కీ, కేబుల్ అవతలి కొసన ఉన్న స్విచ్‌కీ మధ్య ఎంత వేగానికి ఒప్పందం కుదిరిందో ఆ అంకె చెబుతుంది. మీరు కట్టే నెట్ ప్లానుకీ దానికీ సంబంధం లేదు.

1000 లేదా 1.0 జీబీపీఎస్ అని ఉంటే ఆ కేబుల్ వరకు పెద్ద అనుమానం అక్కర్లేదు. 100 ఉంటే కింద మూడో ప్రశ్న చదవండి. 10 ఉంటే ఇంకేమీ చదవకుండా ముందు కేబుల్ మార్చి చూడండి.

ఇంకొకటి. పరీక్ష చేసేటప్పుడు వైఫై ఆపేయండి. కేబులూ వైఫై రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏది దేని మీద పోతోందో తెలియక గంటలు గంటలు వాదించుకున్న ఆఫీసులున్నాయి.

100 ఎంబీపీఎస్ ప్లాను కడుతున్నాం. డౌన్‌లోడ్ చూస్తే 11 దాటడం లేదు. మోసమా?

కాదు. ప్లానులో ఉండేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ బాక్సులో కనపడేది మెగాబైట్లు. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి 100ని 8తో భాగిస్తే 12.5. దారి ఖర్చులు పోను 11 నుంచి 12 వరకు వస్తే మీకు రావాల్సింది వచ్చినట్టే.

మా మదర్‌బోర్డు మీద గిగాబిట్ అని ఉంది, స్విచ్ కూడా గిగాబిట్టే. లింక్ స్పీడు మాత్రం 100 చూపిస్తోంది. ఎందుకు?

మాకు ఎక్కువగా తగిలే కేసు ఇదే. కాబట్టి కాస్త వివరంగా.

నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది వైర్లు, అంటే నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు: 1, 2 నంబర్లు ఒక జత, 3, 6 ఇంకో జత. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగు జతలూ కావాలి. నీలం జతలోనో గోధుమ రంగు జతలోనో ఒక్క వైరు తెగినా, సరిగ్గా తగలకపోయినా గిగాబిట్ కుదరదు. అప్పుడు కంప్యూటర్లో కేబుల్ పెట్టే నెట్‌వర్క్ కార్డులు చాలా వరకు చప్పుడు చేయకుండా 100కి దిగి పని కానిచ్చేస్తాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొన్ని చవక కార్డులకు అలా దిగడం కూడా చేతకాదు. వాటిలో లింకు వస్తూ పోతూ ఉంటుంది.

దీన్ని పట్టుకోవడం తేలికే. మీ ప్లాను 200 లేదా 300 అయి ఉండి, స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 93, 94, 95 దగ్గరే ఆగుతుంటే ఆ అంకె ఇంటర్నెట్ కంపెనీది కాదు. మీ ఆఫీసులోనే ఎక్కడో ఒక లింకు 100 మీద ఉంది.

కంప్యూటర్ వెనక నుంచి కేబుల్ పీకి, కొసనున్న ప్లాస్టిక్ జాక్‌ని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. ఎనిమిది వైర్ల కొసలూ ముందు గోడను తాకుతున్నాయా? గోధుమ వైరు ఒక మిల్లీమీటరు వెనకబడి ఉంటే పై పిన్ను దాని రాగిలోకి దిగదు, లేదా పైపైన గీరుకుని ఊరుకుంటుంది. ఫ్యాన్ గాలికి కేబుల్ ఊగినప్పుడల్లా తగులుతూ వదులుతూ ఉంటుంది. ఇక కేబుల్ పైతొడుగు జాక్ లోపలి దాకా వెళ్లిందా, లేక బయటే ఆగిపోయి రంగురంగుల వైర్లు కనపడుతున్నాయా? కనపడుతుంటే ఆ జాక్‌కి పట్టు లేదు. ఎవరి కాలైనా తగిలితే ఊడుతుంది.

క్లిప్పు కూడా చూడండి. జాక్ మీది చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోతే కేబుల్ తనంతట తానే వెనక్కి జరుగుతుంది. దానికి మనవాళ్లు కనిపెట్టిన మందు, శుభలేఖ ముక్క మడిచి పోర్టులో దోపడం. వారం పనిచేస్తుంది. ఆ తర్వాత పోర్టు లోపలి తీగలు వంగిపోయి మదర్‌బోర్డు మీదికి వస్తుంది. కొత్త జాక్ కొట్టించడానికి అయ్యేది దానిముందు లెక్కలోకే రాదు.

టెస్టర్ పెట్టి చూశాం. 1 నుంచి 8 దాకా లైట్లన్నీ వరుసగా వెలిగాయి. ఇంకా కేబుల్ తప్పంటే ఎలా?

ఆ చిన్న టెస్టర్‌కి తెలిసింది ఒక్కటే: ఈ కొసన మొదలైన తీగ ఆ కొసకు చేరిందా లేదా. ఆ తీగ మీద ఎంత వేగంగా డేటా పోగలదో దానికి తెలియదు.

వరుస సరిగ్గా కుదిరినా జతలు తప్పుగా పడిన కేబుళ్లు చాలానే చూస్తుంటాం. నారింజ జత 1, 2లో, ఆకుపచ్చ జత 3, 4లో, నీలం 5, 6లో, గోధుమ 7, 8లో అని రంగుల ప్రకారం పేర్చేస్తారు, రెండు కొసలా ఒకేలా. టెస్టర్‌లో అన్నీ వెలుగుతాయి. కానీ 3, 6 ఒకే మెలికలో ఉండాలి. ఇక్కడ 3 ఆకుపచ్చ జతలోకి, 6 నీలం జతలోకి పోయాయి. మెలిక ఉన్నదే ఒక జత గోల పక్క జతకు అంటకుండా. అది చెదిరితే తప్పులు పెరుగుతాయి, పంపిందే మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. పొట్టి కేబుల్ అయితే తట్టుకుంటుంది, పొడుగు పెరిగేకొద్దీ కూలబడుతుంది.

సరైన వరుస, మన దగ్గర అందరూ కొట్టే బి పద్ధతి: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. క్లిప్పు కిందికి, పిన్నులు పైకి, కొస మీకు అవతలి వైపుకి ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి చదవండి. జాక్ కొట్టేటప్పుడు మెలికను అర అంగుళం కన్నా ఎక్కువ విప్పకూడదు.

ఒక్క సిస్టమ్ మాత్రమే స్లో. పక్క బల్ల మీదిది బాగానే ఉంది. ఎలా తేల్చాలి?

మార్చి చూడటమే. ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. పక్క సిస్టమ్ కేబుల్ తెచ్చి దీనికి పెట్టండి. స్పీడు వస్తే కంప్యూటర్ మంచిదే, తప్పు కేబుల్‌దో గోడ పాయింటుదో స్విచ్ పోర్టుదో. రాకపోతే కేబుల్‌ని వదిలేసి నెట్‌వర్క్ కార్డు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) వైపు చూడండి.

తర్వాత స్విచ్ దగ్గర వేరే పోర్టులోకి మార్చండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబులూ పోర్టూ డ్రైవరూ కలిపి మార్చేస్తే బాగవుతుంది కానీ దేనివల్ల బాగైందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మొదటికే.

గోడ పాయింటు నుంచి కంప్యూటర్ దాకా ఉండే పొట్టి కేబుల్‌ని ముందు అనుమానించండి. కుర్చీ చక్రాలు దాని మీదుగానే తిరుగుతాయి, చీపురు దాని మీదుగానే పోతుంది.

లింక్ స్పీడు 1000 ఉంది. అయినా స్లోనే. ఇప్పుడు?

ఇప్పుడు తేల్చాల్సింది జబ్బు ఆఫీసు లోపలా, బయటా అని. ఇది తేలకుండా ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయడం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమే.

మొదట కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మీ రూటర్ అడ్రసుకు పింగ్ కొట్టండి. మామూలుగా అది 192.168.1.1 లేదా 192.168.0.1. కేబుల్ మీద జవాబు 1 మిల్లీసెకండు లోపు, మహా అయితే ఒకటి రెండు మిల్లీసెకండ్లలో రావాలి. కమాండ్ చివర -t కలిపి (ping -t, పక్కన ఆ అడ్రసు) రెండు మూడు నిమిషాలు వదిలేసి చూడండి. మధ్యమధ్యలో 40, 200 అని దూకుతున్నా, టైమౌట్ వస్తున్నా జబ్బు లోపలే.

పింగ్ బాగుంటే రెండో పరీక్ష ఐపెర్ఫ్3 అనే సాఫ్ట్‌వేర్‌తో. ఉచితం. ఒక కంప్యూటర్‌లో సర్వర్‌గా, ఇంకోదాంట్లో క్లయింట్‌గా నడిపితే ఆ రెంటి మధ్య అసలు వేగం చెబుతుంది. ఇంటర్నెట్‌తో పని లేదు, హార్డ్ డిస్కుతోనూ పని లేదు. గిగాబిట్ లింకు మీద 930, 940 ప్రాంతంలో రావాలి, 100 లింకు మీద 94, 95. ముందు ఒకవైపు, తర్వాత తిరగేసి రెండోవైపు కొలవండి. ఒకవైపు 940 వచ్చి రెండోవైపు 200 వస్తే కేబుల్‌లో ఒక జత మీదో, డ్రైవర్ మీదో అనుమానం పెట్టుకోవచ్చు.

లోపల అన్నీ బాగుంటే అప్పుడు ఒక ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ఫైబర్ బాక్సుకే నేరుగా కేబుల్ పెట్టి, మిగతావన్నీ పీకేసి, స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడ కూడా రాకపోతే ఇక కంపెనీ వాళ్లతో మాట్లాడవచ్చు. ఒక్క సంగతి చూసుకోండి. చిన్న ఫైబర్ బాక్సుల్లో కొన్నింటికి ఒక పోర్టు మాత్రమే గిగాబిట్, మిగతావి 100. కేబుల్ ఆ రెండోదాంట్లో ఉంటే 300 ప్లాను కట్టి 95 వాడుకుంటుంటారు.

యూట్యూబ్ బ్రహ్మాండంగా వస్తుంది. ట్యాలీ, షేర్డ్ ఫోల్డరు మాత్రం చచ్చేంత స్లో.

అంటే ఇంటర్నెట్‌కి సంబంధమే లేదు. డేటా ఏ మెషిన్‌లో ఉందో అక్కడికి వెళ్లండి.

చిన్న ఆఫీసుల్లో సర్వర్ అని పిలిచేది చాలాసార్లు అకౌంటెంట్ గారు వాడే పాత డెస్క్‌టాపే. దాంట్లో టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ వరుస చూడండి. ఎప్పుడూ 100 శాతం దగ్గర ఉంటే మీకు కావలసింది కొత్త కేబుల్ కాదు, ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు. తిరిగే హార్డ్ డిస్కు ఒక పెద్ద ఫైలును సెకనుకు 100 మెగాబైట్ల దాకా ఇవ్వగలదేమో కానీ, నలుగురు ఒకేసారి చిన్న చిన్న ముక్కలు అడిగితే చేతులెత్తేస్తుంది. ఒక పెద్ద ఫైలు కాపీ చేస్తే వేగంగా పోయి, వెయ్యి బిల్లుల ఫోల్డరు కాపీ చేస్తే ఈడుస్తోందంటే అది నెట్‌వర్క్ లోపం అనుకోకండి. చిన్న ఫైళ్లు ఎక్కడైనా అంతే.

సర్వర్ మెషిన్‌కి వెళ్లే కేబుల్ లింకు కూడా చూడండి. పది సిస్టములు గిగాబిట్ మీద ఉండి సర్వర్ ఒక్కటి 100 మీద ఉంటే పదిమందీ ఆ 100నే పంచుకోవాలి. సర్వర్‌ని వైఫై మీద నడిపేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి వద్దు.

ఆ ఫోల్డరు మీద యాంటీవైరస్ ప్రతి ఫైలునీ రెండు వైపులా తనిఖీ చేస్తుంటుంది. దాన్ని ఆపేయమని చెప్పం. సర్వర్ వైపు తనిఖీ ఉంచుకుని, నెట్‌వర్క్ డ్రైవ్‌ల తనిఖీని మిగతా సిస్టముల్లో తగ్గించుకునే సెట్టింగ్ చాలా యాంటీవైరస్‌లలో ఉంటుంది. విండోస్ 11 24హెచ్2కి మారాక పాత నాస్ బాక్సు (ఫైళ్లు దాచి నెట్‌వర్క్ మీద పంచే పెట్టె) తెరుచుకోకపోయినా, నెమ్మదించినా ఆ విండోస్‌లో ఎస్‌ఎంబీ సైనింగ్‌ని (షేర్డ్ ఫోల్డర్ల సందేశాలకు వేసే డిజిటల్ సంతకం) డిఫాల్టుగా తప్పనిసరి చేసిన సంగతి మీ సిస్టమ్ అడ్మిన్‌కి గుర్తు చేయండి.

పొద్దున తొమ్మిదింటికి బాగుంటుంది. పదకొండు దాటితే స్లో. సాయంత్రం ఆరుకి మళ్లీ బాగు.

టైము ప్రకారం వచ్చే జబ్బు కేబుల్ జబ్బు కాదు, వాడకం జబ్బు. ఎవరు వాడుతున్నారో చూడండి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింకులు అప్‌లోడ్ లైను మొత్తం మింగేస్తే డౌన్‌లోడ్ కూడా కూలబడుతుంది. విండోస్ అప్‌డేట్లకు డెలివరీ ఆప్టిమైజేషన్ సెట్టింగ్స్‌లో పరిమితి పెట్టవచ్చు.

అనుమానం రానిది సీసీ కెమెరా. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ వాడుతుందనుకుంటే 16 కెమెరాలకు 64. గేటు దగ్గరి స్విచ్ నుంచి ఆఫీసు స్విచ్‌కి వచ్చే లైను 100 అయితే, ఆ లైను మీదే కూర్చున్న గుమాస్తా సిస్టమ్‌కి మిగిలేది ఎంత? పైగా ఓనరు గారు ఇంటి నుంచి ఫోన్లో అన్ని కెమెరాలూ ఒకేసారి తెరిస్తే అప్‌లోడ్ కూడా పోతుంది. కెమెరాలకు వేరే స్విచ్ పెట్టి, అది నేరుగా రికార్డర్‌కి వెళ్లేలా లాగించడం మేలు.

ఉన్నట్టుండి ఆఫీసంతా నెట్ ఆగిపోతుంది. స్విచ్ ఆపి వేస్తే కాసేపు వస్తుంది.

స్విచ్ మీద లైట్లు చూడండి. అన్నీ ఒకేసారి, ఆగకుండా, పిచ్చెత్తినట్టు మిణుకుతున్నాయా? ఎవరో ఒక కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెట్టేశారు. లేదా రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు కలిపారు. మామూలు స్విచ్‌కి ఆ చుట్టును గుర్తుపట్టే తెలివి ఉండదు, వచ్చిన సందేశాన్నే తిప్పి తిప్పి పంపుకుంటూ ఉక్కిరిబిక్కిరవుతుంది. బల్లలు సర్దిన మర్నాడు, కొత్త ప్రింటర్ వచ్చిన మర్నాడు ఇలా జరుగుతుంటుంది. నేల మీద ఊరికే పడి ఉన్న కేబుల్ కొసను "ఇది ఊడిపోయినట్టుంది" అని మంచి మనసుతో ఎవరో గోడ పాయింట్లో పెడతారు.

ఒక్కో కేబుల్ పీకుతూ పోండి. ఏది పీకగానే లైట్లు నెమ్మదిస్తాయో అదే.

ఐపీ ఫోను (నెట్‌వర్క్ కేబుల్ మీద పనిచేసే ఫోను) గుండా కంప్యూటర్‌కి లైను ఇచ్చారు. దానివల్ల స్పీడు తగ్గుతుందా?

తగ్గొచ్చు. చాలా చవక ఐపీ ఫోన్లలో వెనక ఉండే పీసీ పోర్టు 100 మాత్రమే. యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కూడా అంతే. కొన్ని 100వి, గిగాబిట్‌వైనా పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకి పెడితే దాని సొంత హద్దు 480 ఎంబీపీఎస్. నీలం రంగు పోర్టు ఉంటే దానికి పెట్టండి.

కార్డు సెట్టింగ్స్‌లో స్పీడ్ అండ్ డూప్లెక్స్ దగ్గర ఆటో తీసేసి 100 ఫుల్ పెడితే నిలకడగా ఉంటుందని ఎవరో చెప్పారు.

ఆ సలహా ఇచ్చినవాళ్లు పాతకాలం వాళ్లయి ఉంటారు. పెట్టొద్దు.

ఫుల్ అంటే రెండు వైపులా ఒకేసారి మాట్లాడటం, హాఫ్ అంటే ఒకరి తర్వాత ఒకరు. మీరు ఒకవైపు బలవంతంగా 100 ఫుల్ అని బిగిస్తే, ఆటోలో ఉన్న అవతలి స్విచ్ వేగాన్ని కనిపెట్టగలదు కానీ ఫుల్ అన్న సంగతి దానికి తెలియదు. నియమం ప్రకారం అది హాఫ్‌కి దిగుతుంది. అప్పుడు ఒకరు ఎదుటివాడు మాట్లాడుతుండగానే మాట్లాడతారు, రెండోవారు అది గుద్దుకోవడం అనుకుని ఆగి మళ్లీ మొదలుపెడతారు. వింతేమిటంటే పింగ్ చక్కగా వస్తుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద ఫైలు పంపబోతే మాత్రం నత్తనడక. గిగాబిట్‌కైతే రాగి కేబుల్ మీద ఆటో ఒప్పందం తప్పనిసరి. రెండు వైపులా ఆటోలోనే ఉంచండి. ఆటోలో 1000 రాకపోతే అది మీకు కేబుల్ చెబుతున్న ఫిర్యాదు. సెట్టింగ్‌తో దాని నోరు నొక్కితే జబ్బు పోదు.

ఆ కార్డు సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోనే ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్, గ్రీన్ ఈథర్‌నెట్ అని కరెంటు పొదుపు సెట్టింగ్స్ ఉంటాయి. లింకు మాటిమాటికీ పడిపోయి లేస్తుంటే అవి ఆపి చూడటంలో తప్పు లేదు.

డ్రైవర్ అప్‌డేట్ చేస్తే బాగవుతుందా?

విండోస్ పెద్ద అప్‌డేట్ మర్నాటి నుంచే మొదలైతే అవకాశం ఉంది. కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ సైటు నుంచే తీసుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లు, నెట్ స్పీడు పెంచుతామనే బూస్టర్లు జోలికి పోవద్దు. ఉంటే తీసేయండి.

మా ఆఫీసు సముద్రం పక్కన. కేబుళ్లు ఏడాది కూడా ఉండటం లేదు.

కృష్ణపట్నం, మైపాడు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల ఆఫీసుల్లో ఇది మామూలే. ఉప్పు గాలి జాక్ పిన్నుల మీద పని చేస్తుంది. పిన్ను మీద బంగారు పూత పలచగా ఉన్న చవక జాక్‌లు త్వరగా పచ్చబడతాయి. పచ్చటి పొడి లాంటిది కనపడితే దాన్ని గీకకండి, కొత్త ప్యాచ్ కార్డు (రెండు కొసలా జాక్ ఉన్న పొట్టి కేబుల్) వేయండి. పోర్టులోపల అయితే కరెంటు తీసేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తగా తుడవచ్చు. ఏసీ గదిలో ఉన్న స్విచ్ బతికినంత కాలం ఏరేటర్ల షెడ్డులో ఉన్నది బతకదు. షెడ్డులో పెట్టక తప్పకపోతే రబ్బరు అంచున్న మూత పెట్టెలో పెట్టండి.

చీమకుర్తి వైపు బాధ వేరు. అక్కడ గ్రానైట్ పొడి. ఖాళీ పోర్టుల్లో మెత్తగా పేరుకుంటుంది. ఆర్నెల్ల తర్వాత ఆ ఖాళీ పోర్టులో జాక్ పెడితే పిన్నుకీ తీగకీ మధ్య పొడి. ఖాళీ పోర్టులకు రబ్బరు మూతలు దొరుకుతాయి, పెట్టించండి. కోత మిషన్ల మోటార్లకు వెళ్లే కరెంటు కేబుళ్ల పక్కనే, ఒకే ట్రేలో, నెట్‌వర్క్ కేబుల్ లాగితే మిషన్ ఆన్ చేసినప్పుడల్లా తప్పులు మొదలవుతాయి. రెంటినీ దూరంగా పోనివ్వండి. దాటక తప్పని చోట అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించండి.

ఇంకా పెద్ద సంగతి దూరం. రాగి కేబుల్‌కి మొత్తం 100 మీటర్లే హద్దు, అందులో గోడ లోపలిది 90, రెండు కొసల ప్యాచ్ కార్డులు కలిపి 10. ఆఫీసు నుంచి యార్డు చివరున్న కాటా దాకా 160 మీటర్లు లాగేసి "లైట్ వెలుగుతోంది కదా" అంటారు. వెలుగుతుంది, పని మాత్రం చేయదు. అంత దూరానికి ఫైబర్ వేసి రెండు కొసలా కన్వర్టర్లు పెట్టాలి. గాజు తీగలో కరెంటు పారదు కాబట్టి, పిడుగు పడినప్పుడు కాటా దగ్గరి దెబ్బ ఆ తీగ గుండా ఆఫీసు స్విచ్ దాకా రాదు. మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల్లో ఉరుములు, మెరుపులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

పిడుగు తర్వాత పోర్టు చావలేదు కానీ స్పీడు పోయింది. అలా జరుగుతుందా?

జరుగుతుంది. పోర్టు సగం దెబ్బతిని 10కో 100కో పరిమితమైపోవచ్చు, లేదా 1000 చూపిస్తూనే తప్పులు చేయవచ్చు. కమాండ్ ప్రాంప్టులో netstat -e అని కొడితే ఎర్రర్స్ అనే వరుస వస్తుంది. పని చేస్తున్న కొద్దీ ఆ అంకె పెరుగుతుంటే కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ పెరుగుతుంటే కొత్త నెట్‌వర్క్ కార్డు వేయించండి. మదర్‌బోర్డు మార్చక్కర్లేదు.

కొత్త కేబుల్ కొనాలి. షాపులో క్యాట్6 తీసుకోమంటున్నారు.

క్యాట్6 కన్నా పాత రకం కేబుల్ క్యాట్5ఈ కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. కొత్తగా గోడలో వేస్తుంటే క్యాట్6 వేయించండి, తేడా పెద్దగా ఉండదు. క్యాట్7, క్యాట్8 అని అమ్మజూపితే నవ్వి ఊరుకోండి.

అసలు అడగాల్సింది లోపల ఏ లోహం అని. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసిన కేబుల్ సీసీఏ పేరుతో వస్తుంది. పెట్టె మీద క్యాట్6 అనే ఉంటుంది. అల్యూమినియంలో నిరోధం ఎక్కువ, రెండుసార్లు వంచితే విరుగుతుంది, కేబుల్ గుండానే కరెంటు తీసుకునే కెమెరాలకు అసలు పనికిరాదు. ఒక తీగ కొసను బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. నిజమైన రాగి ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. కట్ట చేత్తో ఎత్తినా తెలుస్తుంది, సీసీఏ తేలిక.

పేజీ మొదలవడానికే ఆలస్యం. మొదలయ్యాక ఠకీమని వచ్చేస్తుంది.

అది స్పీడు సమస్య కాదు, డీఎన్ఎస్. సైటు పేరుకి అడ్రసు వెతకడంలో ఆలస్యం. రూటర్‌లో డీఎన్ఎస్ అడ్రసు దగ్గర 1.1.1.1 లేదా 8.8.8.8 పెట్టి చూడండి. ఆఫీసులో డొమైన్ సర్వర్ (అందరి లాగిన్లూ చూసుకునే సర్వర్) ఉంటే మాత్రం సిస్టముల్లో మీరు మార్చొద్దు, లాగిన్లు, షేర్లు తలకిందులవుతాయి.

20వ తేదీన జీఎస్టీ రిటర్ను వేస్తుంటే తిరుగుతూనే ఉంటుంది. టెన్షన్ వచ్చేస్తోంది.

అదే సమయంలో ఇంకో రెండు సైట్లు తెరిచి చూడండి. అవి వెంటనే వస్తే మీ కేబుల్‌దీ మీ నెట్‌దీ తప్పు లేదు. గడువు రోజు ఆ సైటు మీద పడే జనానికి మీరు గిగాబిట్ పెట్టుకున్నా ఒరిగేదేమీ లేదు. 18నే వేసేయండి.

ఇంటర్నెట్ కంపెనీకి ఫిర్యాదు చేయాలంటే ఏం చెప్పాలి?

"స్లోగా ఉంది" అంటే "రూటర్ ఆపి ఆన్ చేయండి" అంటారు. ఇలా చెప్పండి: "మీ ఫైబర్ బాక్సు గిగాబిట్ పోర్టుకి నేరుగా ల్యాప్‌టాప్ పెట్టాం, లింకు 1000 చూపిస్తోంది, వేరే ఏదీ కనెక్ట్ చేయలేదు. ప్లాను 200. మధ్యాహ్నం మూడింటికి 38, రాత్రి ఎనిమిదింటికి 22 వచ్చింది." టైముతో సహా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి. ఫైబర్ బాక్సు మీద LOS (సిగ్నల్ పోయింది) అని రాసి ఉన్న ఎర్ర లైటు వెలుగుతుంటే ఈ పరీక్షలేవీ అక్కర్లేదు, చాలాసార్లు బయట లైను తెగి ఉంటుంది. ఆ ఒక్క మాట చెబితే చాలు, మనిషిని పంపిస్తారు.